స్ట్రెస్ 24 గంటలు పాసైంది, బ్రౌజర్ తెరిస్తే మాత్రం రీబూట్ అవుతోంది. లినక్స్‌లో ఓవర్‌క్లాక్‌ని ఎలా పరీక్షించాలి?

మీరు చెప్పినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ. రైజన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, పీబీఓ (చిప్ పవర్ పరిమితులని సడలించే ఏఎండీ సెట్టింగ్) ఆన్, కర్వ్ ఆప్టిమైజర్‌లో (ఒక్కో కోర్‌కి వోల్టేజీ తగ్గించే సెట్టింగ్) అన్ని కోర్లకూ మైనస్ 25, బూస్ట్ మీద (కోర్ తనంతట తాను పెంచుకునే వేగం) అదనంగా 100 మెగాహెర్ట్జ్. అంటే చిప్‌ని ఫ్యాక్టరీ సెట్టింగ్ దాటించారు, అదే ఓవర్‌క్లాక్. ఉబుంటులో ‘స్ట్రెస్’ ప్రోగ్రామ్‌ని 16 థ్రెడ్లతో 24 గంటలు నడిపినా ఏమీ కాలేదు. ఫైర్‌ఫాక్స్‌లో ఏదో చదువుకుంటున్నప్పుడో, మిషన్‌ని ఊరికే వదిలేసినప్పుడో మాత్రం దానంతటదే రీబూట్ అవుతోంది. పవర్ సప్లై మార్చాలా అని మీ సందేహం.

పవర్ సప్లై జోలికి అప్పుడే వెళ్లకండి. జెన్ 3 చిప్‌లలో (మీ 5800ఎక్స్ తరం) కర్వ్ ఆప్టిమైజర్‌ని ఎక్కువగా దించినప్పుడు కనిపించే లక్షణాలు అచ్చంగా ఇవే. మీరు చేసిన పరీక్షలో రెండు లోపాలున్నాయి. ఒకటి, మీరు వాడిన ప్రోగ్రామ్ జవాబు సరిచూడదు. రెండు, మీ చిప్ తప్పు చేసే చోటికి ఆ పరీక్ష అసలు వెళ్లనే లేదు.

మొదటిది చూద్దాం. ‘స్ట్రెస్’ సీపీయూ వర్కర్ చేసే పని ఇంతే: ఒక ర్యాండమ్ సంఖ్య తీసుకుంటుంది, దాని వర్గమూలం కడుతుంది, వచ్చిన జవాబు పారేస్తుంది, మళ్లీ మొదలుపెడుతుంది. లెక్కలు ఇచ్చి నోట్‌బుక్ దిద్దని మాస్టారు లాంటిది. మధ్యలో మీ మూడో కోర్ వంద తప్పులు చేసినా దానికి తెలియదు, మీకూ తెలియదు. ఓవర్‌క్లాక్ వికటించినప్పుడు మిషన్ ప్రతిసారీ హ్యాంగ్ అవ్వదు. చాలాసార్లు ఒక బిట్ తప్పుతుంది, ప్రోగ్రామ్ ఆ తప్పు విలువతోనే ముందుకెళ్లిపోతుంది. అందుకే ‘క్రాష్ కాలేదు’ అన్నదాన్ని నేను పాస్ కింద లెక్కపెట్టను. జవాబు తెలిసిన లెక్క ఇచ్చి, వచ్చినదాన్ని పోల్చి చూసేదే పరీక్ష.

రెండోది ఇంకా ముఖ్యం. 16 థ్రెడ్ల మీద ఒకేసారి బరువు పడితే చిప్ పవర్ పరిమితికో, వేడి పరిమితికో తగులుతుంది. 5800ఎక్స్‌కి స్టాక్ (ఫ్యాక్టరీ) ప్యాకేజీ పవర్ పరిమితి 142 వాట్లు. పీబీఓ దాన్ని ఎత్తేసినా 90 డిగ్రీల దగ్గర ఆగాల్సిందే. అలా ఆగినప్పుడు కోర్లన్నీ నాలుగున్నర గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల నడుస్తాయి. అదే బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ తెరిస్తే? ఒకే ఒక్క కోర్ నిద్ర లేచి, చిప్ చల్లగా ఉండగానే నేరుగా తన గరిష్ఠ బూస్ట్‌కి, మీ సెట్టింగ్‌తో 4.9 పైకి దూకుతుంది. వోల్టేజీకీ ఫ్రీక్వెన్సీకీ ఉన్న గీతలో ఆ పై కొస చాలా నిటారుగా ఉంటుంది, అక్కడ మిగులు తక్కువ. కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. మైనస్ 25 అంటే 75 నుంచి 125 మిల్లీవోల్టులు కోసేశారన్నమాట. బాగా లోడ్ ఉన్నప్పుడు చిప్ ఆ కోతని తట్టుకుంటుంది, ఎందుకంటే అప్పుడు అది పై కొసకి చేరనే చేరదు. మీ 24 గంటల పరీక్ష కూలింగ్ బాగుందని నిరూపించింది. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

ఇక పరీక్షలోకి వెళ్లేముందు డేటా సంగతి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అనుమానం ఉన్న ప్రాసెసర్‌తో మీరు అప్‌డేట్లు వేస్తున్నారు, ఫైళ్లు కాపీ చేస్తున్నారు, ఫొటోలు సర్దుకుంటున్నారు. ఉబుంటు మామూలుగా వాడే ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ ఫైల్ లోపలి డేటాకి చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో పట్టిచ్చే సంఖ్య) ఉంచదు. తప్పు బిట్ రాసేస్తే అది అలాగే ఉండిపోతుంది, ఎప్పుడో ఆర్నెల్ల తర్వాత ఫొటో సగం బూడిద రంగులో తెరుచుకుంటుంది. చెక్‌సమ్ ఉంచే బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ వాడేవాళ్లు మాకేం ఫర్వాలేదనుకుంటారు గానీ, చెక్‌సమ్ కట్టేది కూడా ఆ ప్రాసెసరే. చెక్‌సమ్ కట్టకముందే డేటా చెడిపోయి ఉంటే చెడిన డేటాకి చక్కని చెక్‌సమ్ పడుతుంది. కాబట్టి ముందు బయాస్‌లో స్టాక్‌కి వెళ్లి ఒక బ్యాకప్ తీసుకోండి. పరీక్షలు మాత్రం ఉబుంటు లైవ్ యూఎస్‌బీ నుంచి నడపండి, లోపలి డిస్కులు మౌంట్ చేయకుండా. వీలైతే వాటి కేబుళ్లు పీకేయండి.

ఇప్పుడు లాగ్‌లు. మీ మిషన్ ఇప్పటికే కొన్నిసార్లు పడిపోయింది కాబట్టి సాక్ష్యం దొరికే అవకాశం ఉంది. ప్రాసెసర్ తనలో జరిగిన తప్పుని మెషిన్ చెక్ రిజిస్టర్లలో రాసిపెట్టుకుంటుంది. అకస్మాత్తుగా రీసెట్ అయినప్పుడు పాత లాగ్ చివర ఏమీ కనిపించదు, ఎందుకంటే కెర్నల్‌కి రాసే సమయమే దొరకలేదు. కానీ వెంటనే మళ్లీ బూట్ అయినప్పుడు ఆ రిజిస్టర్లలో మిగిలినదాన్ని కెర్నల్ చదివి, కొత్త లాగ్ మొదట్లో పెడుతుంది. డీమెసేజ్ (కెర్నల్ లాగ్ చూపే కమాండ్) తెరిచి ‘ఎంసీఈ’ (మెషిన్ చెక్ ఎక్సెప్షన్) అనో, ‘హార్డ్‌వేర్ ఎర్రర్’ అనో వెతకండి. సీపీయూ నంబర్, బ్యాంక్ నంబర్, ఒక పొడవాటి హెక్స్ కోడ్, చివర్లో ఏపిక్ నంబర్ (ఒక్కో థ్రెడ్‌కి హార్డ్‌వేర్ ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉన్న లైన్లు దొరుకుతాయి. మీలాంటి కేసుల్లో తరచూ కనిపించేది బ్యాంక్ 5, అంటే ఆ కోర్‌లోని ఎగ్జిక్యూషన్ యూనిట్. హెక్స్ కోడ్ ‘బీఈఏ0’ అని మొదలవుతుంది. పాత బూట్‌ల లాగ్‌లు కావాలంటే జర్నల్‌సీటీఎల్‌కి బూట్ సంఖ్య ఇచ్చి వెనక్కి వెళ్లొచ్చు. రాస్‌డీమన్ ప్యాకేజీ వేసుకుంటే సరిదిద్దుకున్న చిన్న తప్పులని కూడా డేటాబేస్‌లో పెడుతుంది. ఓవర్‌క్లాక్ మిషన్‌లో అది ఎప్పుడూ నడుస్తూ ఉండాలని నా సలహా.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మిషన్ పడిపోగానే స్విచ్ ఆపి మళ్లీ వేస్తే ఆ రిజిస్టర్లు చెరిగిపోతాయి. దానంతటది రీబూట్ అవనివ్వండి. హ్యాంగ్ అయితే రీసెట్ బటన్ నొక్కండి, పవర్ తీయకండి. పవర్ సప్లై ట్రిప్ అయి పడిపోయిన మిషన్‌లో సాధారణంగా ఈ ఎంసీఈ లైన్ ఉండదు. మీ మొదటి సందేహానికి సగం జవాబు ఆ లైన్ ఉందా లేదా అన్నదాంట్లోనే ఉంది.

ఏపిక్ నంబర్‌ని కోర్‌కి తిప్పుకోవడం సులువే. ఎనిమిది కోర్ల 5800ఎక్స్‌లో ఒక్కో కోర్‌కి రెండు ఏపిక్ నంబర్లు: 0, 1 అయితే కోర్ 0, 4, 5 అయితే కోర్ 2. లినక్స్ సీపీయూ నంబర్లు మాత్రం వేరే వరసలో ఉంటాయి. 0 నుంచి 7 దాకా మొదటి థ్రెడ్లు, 8 నుంచి 15 వాటి జంటలు. అంటే కోర్ 2 అంటే సీపీయూ 2, సీపీయూ 10. ఎల్ఎస్‌సీపీయూని విస్తృత రూపంలో అడిగితే ఈ పట్టిక ఇస్తుంది, ఒకసారి సరిచూసుకోండి. 5600ఎక్స్ లాంటి ఆరు కోర్ల చిప్ అయితే కోర్ నంబర్లలో మధ్యలో ఖాళీలు రావొచ్చు. అప్పుడు బయాస్‌లో చూపే వరసతో పోల్చుకోవాలి. ఒక్క ఎంసీఈతో ఏ కోర్ మీదా తీర్పు చెప్పకండి. అదే కోర్ మళ్లీ మళ్లీ వస్తే అప్పుడు దొంగ దొరికినట్టే.

సాధారణంగా దొరికేది మీ చిప్‌లోకెల్లా మంచి కోరే. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, కారణం ఉంది. మంచి కోర్లకి ఫ్యాక్టరీలోనే తక్కువ వోల్టేజీ గీత రాసి పంపుతారు. అందులోంచి ఇంకా కోయడానికి మిగులు ఉండదు. పైగా కెర్నల్ షెడ్యూలర్ తేలికపాటి పనులని ముందు వాటికే ఇవ్వొచ్చు. కెర్నల్ సిస్‌ఎఫ్‌ఎస్‌లో (/sys ఫోల్డర్) ప్రతి సీపీయూ కింద ఏసీపీఐ సీపీపీసీ (కోర్ సామర్థ్యం చెప్పే) ఫోల్డర్‌లో గరిష్ఠ పెర్ఫార్మెన్స్ అంకె ఉంటుంది. అది ఎక్కడ ఎక్కువో అవే మీ మంచి కోర్లు. అన్ని కోర్లకీ ఒకే మైనస్ 25 పెట్టడం అందుకే నాకు నచ్చదు. చెడ్డ కోర్లు మైనస్ 30 కూడా మోస్తాయి, మంచివి మైనస్ 10కే మూలుగుతాయి.

ఇప్పుడు అసలు పరీక్ష. నా మొదటి ఎంపిక ఎంప్రైమ్, అంటే ప్రైమ్95కి లినక్స్ రూపం. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టిన గింప్స్ ప్రాజెక్టు, మెర్సెన్ ప్రధాన సంఖ్యలు వెతకడానికి రాసుకున్న ప్రోగ్రామ్ ఇది. నెలల తరబడి సాగే లెక్కలో ఒక్క బిట్ తప్పినా మొత్తం వృథా కాబట్టి, తప్పు పట్టుకునే ఏర్పాటు అందులో మొదట్నుంచీ ఉంది. పెద్ద సంఖ్యల గుణకారాన్ని ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ) లెక్కల్లో, ఎఫ్‌ఎఫ్‌టీ అనే వేగవంతమైన గణిత పద్ధతితో చేస్తుంది. ఫలితం పూర్ణాంకానికి చాలా దగ్గరగా రావాలి. ఎంత దూరంలో వచ్చిందో చూస్తుంది, ఆ తేడా 0.4 దాటితే గట్టిగా అరుస్తుంది. ‘రౌండింగ్ 0.5, ఉండాల్సింది 0.4 లోపు’ అనే ఎర్రర్ అదే. చివర్లో వచ్చిన శేషాన్ని ముందే తెలిసిన జవాబుతో కూడా పోలుస్తుంది. 2016లో ఇంటెల్ స్కైలేక్ చిప్‌లలో ఒక లోపం బయటపడింది కూడా ఈ ప్రోగ్రామ్ 768కే సైజు ఎఫ్‌ఎఫ్‌టీ నడుపుతుంటేనే. ఇంటెల్ దానికి బయాస్ అప్‌డేట్ ద్వారా పరిష్కారం ఇచ్చింది. అది ఓవర్‌క్లాక్ చేయని చిప్‌లలోనే వచ్చిన లోపం!

దీన్ని అన్ని కోర్ల మీదా కాకుండా ఒక్కో కోర్ మీద విడిగా నడపాలి. విండోస్‌లో ఈ పనికి కోర్‌సైక్లర్ అనే స్క్రిప్ట్ ప్రసిద్ధం. లినక్స్‌లో ప్రోగ్రామ్‌ని ఒక కోర్‌కి కట్టే టాస్క్‌సెట్ కమాండ్ చాలు. సీపీయూ 0కి కట్టి ఎంప్రైమ్ టార్చర్ టెస్ట్ ఒక థ్రెడ్‌తో మొదలుపెట్టండి, తర్వాత సీపీయూ 1, ఇలా 7 దాకా. ఒక చిక్కు ఉంది. ఎంప్రైమ్ తన థ్రెడ్లని తనే కోర్లకి కట్టుకుంటుంది, మీ టాస్క్‌సెట్‌ని లెక్కచేయకపోవచ్చు. దాని సెట్టింగ్స్ ఫైల్‌లో ‘ఎనేబుల్ సెట్ అఫినిటీ’ని 0 చేయండి. హెచ్‌టాప్‌లో (కోర్ల లోడ్ చూపే ప్రోగ్రామ్) చూసి, బరువు మీరనుకున్న కోర్ మీదే ఉందని నిర్ధారించుకోండి.

అదే ఫైల్‌లో ఏవీఎక్స్, ఏవీఎక్స్2, ఎఫ్‌ఎంఏ3 (ఒకేసారి ఎన్నో లెక్కలు చేసే బరువైన ఆదేశాలు) సపోర్ట్‌ని 0 చేసి ఒక విడత, మామూలుగా ఉంచి ఇంకో విడత నడపండి. ఏవీఎక్స్2 లేకుండా ఎందుకంటే, బరువు తేలికైతే కోర్ ఇంకా పైకి బూస్ట్ అవుతుంది. మీ సమస్య ఉన్నది అక్కడే. ‘ఎంత బరువైన టెస్ట్ అయితే అంత మంచిది’ అన్న మాట పాత రోజుల్లో, కోర్లన్నీ ఒకే ఫ్రీక్వెన్సీకి బిగించినప్పుడు నిజం. బూస్ట్ అల్గారిథమ్‌లు వచ్చాక కాదు.

ఒక్కో కోర్‌కి ముందు పది నిమిషాలు చాలు. పనికిరాని కోర్లు అందులోనే రాలిపోతాయి. ఎర్రర్ వచ్చిన కోర్‌కి ఆఫ్‌సెట్ (కర్వ్ ఆప్టిమైజర్ అంకె) ఐదు తగ్గించి, అంటే మైనస్ 25ని మైనస్ 20 చేసి, మళ్లీ మొదలు. అన్నీ నిలబడ్డాక ఒక్కో కోర్‌కి గంట చొప్పున రాత్రి వదిలేయండి. ఎఫ్‌ఎఫ్‌టీ సైజులు మారుతూ ఉండాలి. చిన్నవి కాష్‌లో ఇమిడిపోతాయి, పెద్దవి మెమరీ దాకా వెళ్తాయి, రెండింటిలో బయటపడే తప్పులు వేరు.

ఎంప్రైమ్‌కి తోడు వై-క్రంచర్ కూడా పెట్టుకోండి. గణితంలోని పై (π) విలువని లక్షల కోట్ల అంకెల దాకా కట్టే రికార్డులకి వాడే ప్రోగ్రామ్. దాని స్ట్రెస్ టెస్టర్‌లో రకరకాల లెక్కలుంటాయి, ఎంప్రైమ్ కళ్లుగప్పిన కోర్లని ఇది పట్టుకోవడం మామూలే. ‘స్ట్రెస్’ పేరుతోనే అలవాటైతే స్ట్రెస్-ఎన్‌జీ వాడండి, కానీ ‘వెరిఫై’ ఆప్షన్ ఇవ్వడం మరవకండి. అది లేకపోతే మళ్లీ దిద్దని నోట్‌బుక్కే.

నడుస్తున్నప్పుడు పక్క టెర్మినల్‌లో కోర్ల వేగం చూపే టర్బోస్టాట్ తెరిచి ఉంచండి. అందులో ‘బిజీ మెగాహెర్ట్జ్’ అనే నిలువు వరస చూడాలి. అది కోర్ నిజంగా పనిచేసిన సైకిళ్లని లెక్కించి చెప్పేది. వోల్టేజీ చాలనప్పుడు రైజన్ క్రాష్ కాకుండా క్లాక్‌ని సాగదీసుకుంటుంది. పైకి 4.9 కనిపిస్తుంది, పని మాత్రం తక్కువ జరుగుతుంది. ఆఫ్‌సెట్ పెంచేకొద్దీ అదే పనికి ఎక్కువ సమయం పడుతుంటే మీరు సంపాదించిందేమీ లేదు. వేడికి ఎల్ఎం-సెన్సర్స్‌లో కే10టెంప్ చూపే టీసీటీఎల్ ఉష్ణోగ్రత చాలు.

లోడ్ పరీక్షలన్నీ పాసైనా, మీరు చెప్పిన ‘ఊరికే వదిలేసినప్పుడు’ సమస్య మిగలొచ్చు. కోర్ లోతైన నిద్రలోంచి లేచే క్షణంలో వోల్టేజీ ఫ్రీక్వెన్సీతో సమానంగా పైకి రావాలి. నిలకడైన లోడ్‌లో ఆ క్షణం ఒక్కసారే వస్తుంది, మామూలు డెస్క్‌టాప్ వాడకంలో అస్తమానం వస్తుంది. చిన్న షెల్ స్క్రిప్ట్ రాయండి: ఒక కోర్ మీద ఒకటి రెండు సెకన్లు స్ట్రెస్-ఎన్‌జీ, తర్వాత రెండు మూడు సెకన్ల నిద్ర, తర్వాత ఇంకో కోర్, ఇలా రాత్రంతా. ఇది కాక ఒక రాత్రి ఏమీ నడపకుండా మిషన్‌ని ఊరికే ఉంచి, పొద్దున అప్‌టైమ్ చూడండి. ఇక్కడే పడిపోతుంటే కెర్నల్ పారామీటర్లలో గరిష్ఠ సీ-స్టేట్‌ని (కోర్ ఎంత లోతుగా నిద్రపోవచ్చో చెప్పేది) 1కి కట్టి మళ్లీ చూడొచ్చు. అప్పుడు పడకపోతే జబ్బు నిద్ర-మెలకువల దగ్గరే ఉంది. అది రోగ నిర్ధారణకే, దాన్నే మందుగా వాడేసి మైనస్ 25 ఉంచుకోవద్దు.

మెమరీ గురించి మీరు రాయలేదు. ఎక్స్‌ఎంపీ (మెమరీని మామూలు వేగం దాటించే ప్రొఫైల్) ఆన్ చేసి 3600లో నడుపుతుంటే అది కూడా ఓవర్‌క్లాకే. ఈ చిప్‌కి అధికారికంగా చెప్పింది డీడీఆర్4-3200. రెండింటినీ కలిపి పరీక్షిస్తే తప్పు ఎవరిదో ఎప్పటికీ తేలదు. ఎక్స్‌ఎంపీ తీసేసి కోర్ల పని పూర్తి చేయండి. తర్వాత ఎక్స్‌ఎంపీ వేసి మెమ్‌టెస్ట్86 ప్లస్ ఒక రాత్రి, ఆ తర్వాత లినక్స్‌లోంచి గూగుల్ రాసిన స్ట్రెస్‌యాప్‌టెస్ట్ ఒకటి రెండు గంటలు. మెమ్‌టెస్ట్86 ప్లస్ 2022లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి యూఈఎఫ్‌ఐలో (కొత్త తరహా బయాస్) నేరుగా బూట్ అవుతుంది, పాతది దించుకోకండి.

అన్నీ అయ్యాక నిజమైన పని ఒకటి పెట్టండి. నాకు ఇష్టమైనది కెర్నల్ కంపైల్, 16 జాబ్‌లతో, లూప్‌లో. ఒకసారి అన్ని కోర్లూ, ఒకసారి ఒక్క లింకరే (కంపైలైన ముక్కలని కలిపే ప్రోగ్రామ్), మధ్యలో డిస్క్, కాష్, మెమరీ అన్నీ కదులుతాయి. కంపైలర్ జీసీసీ ‘ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్’, సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ఆగితే, ఏ ఫైల్ దగ్గర ఆగిందో రాసుకోండి. ప్రతిసారీ ఒకే ఫైల్ అయితే సాఫ్ట్‌వేర్. ప్రతిసారీ వేరే ఫైల్ అయితే హార్డ్‌వేర్. 2017లో మొదటి తరం రైజన్‌లలో కొన్నిటికి సరిగ్గా ఇలాంటి కంపైల్ లోడ్‌లోనే, ఓవర్‌క్లాక్ లేకుండానే సెగ్‌ఫాల్ట్‌లు వచ్చాయి. ఏఎండీ ఆ సమస్యని ఒప్పుకుని చిప్‌లు మార్చి ఇచ్చింది. కాబట్టి స్టాక్‌లో కూడా మీ చిప్ ఈ పరీక్ష తప్పితే ట్యూనింగ్ ఆపేసి వారంటీ కాగితం వెతుక్కోండి. ఇంటెల్ 13, 14 తరాల వాళ్లకీ ఇదే వర్తిస్తుంది. వాళ్లు ముందు 2024 ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్ గానీ, దాని తర్వాతది గానీ బయాస్‌లో ఉందో లేదో చూసుకోవాలి. అది లేకుండా వోల్టేజీలతో ఆడటం అనవసరం.

మన వాతావరణం సంగతి కూడా చెప్పాలి. విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో 45 డిగ్రీలు అంటుకునే మధ్యాహ్నం పరీక్షించి నిశ్చింతగా ఉండొచ్చు అనుకుంటారు. పాత పద్ధతి ఫిక్స్‌డ్ ఓవర్‌క్లాక్‌కి అది సరైనదే. రైజన్ బూస్ట్ మాత్రం చిప్ చల్లబడేకొద్దీ పైకి వెళ్తుంది. వేసవిలో నిలబడిన ఆఫ్‌సెట్ డిసెంబర్ తెల్లవారుజామున, మొదటి బూట్‌లోనే పడిపోవచ్చు. ఇప్పుడు పరీక్షిస్తున్నట్టయితే ఏసీ వేసి ఒక రాత్రి, తీసేసి ఒక మధ్యాహ్నం చూడండి. యూపీఎస్ ఉంటే దాని మీదే నడపండి, కానీ చిన్న 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్ల చుట్టూ మాత్రమే. గ్రాఫిక్స్ కార్డు మీద కూడా లోడ్ పెడితే కరెంటు పోయినప్పుడు అది చేతులెత్తేస్తుంది, మీరు పొద్దున లేచి ప్రాసెసర్‌ని తిడతారు.

మీ చిప్‌కి నేనైతే ఇలా మొదలుపెడతాను: అదనపు 100 మెగాహెర్ట్జ్ తీసేసి, సీపీపీసీ అంకె ఎక్కువున్న రెండు కోర్లకి మైనస్ 10, మిగతావాటికి మైనస్ 20. అది నిలబడితే ఒక్కో కోర్‌నీ విడిగా కిందికి దించుతూ వెళ్లండి. ఎర్రర్ వచ్చిన అంకె దగ్గర్నుంచి కనీసం మూడు నాలుగు అంకెలు వెనక్కి వచ్చి ఆగండి. ఈ అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే బయాస్ అప్‌డేట్ చేస్తే అన్నీ చెరిగిపోతాయి. కొత్త అజెసా (బయాస్‌లో ఉండే ఏఎండీ కోడ్) వచ్చాక బూస్ట్ ప్రవర్తన కూడా మారొచ్చు కాబట్టి, పాత అంకెలు తిరిగి వేసినా ఒక రాత్రి ఎంప్రైమ్ మళ్లీ నడపాల్సిందే.